నాస్తిక గోష్ఠులును ఫిర్యాదుల లెక్కయు

నాస్తికుల వాదమెల్ల మాకు సమ్మతము కాదు. వారి నోరు నొక్కుట యంతకన్న సమ్మతము కాదు. సామాజిక మాధ్యమములలో జరుగుచున్న దీ రెండవదియే. 2008లో అమెరికా సంస్థయైన మైస్పేస్ సుమారు 35,000 మంది సభ్యులు గల నాస్తిక గోష్ఠిని తొలగించెను. 2016లో ఫేస్‌బుక్కునందలి అరబ్బీ నాస్తిక గోష్ఠులు కొన్ని యట్లే మూతపడినవి. విరోధులు కూడబలుకుకొని ఫిర్యాదులు గుప్పించిరని నాస్తిక సంఘములు మొఱపెట్టినవి.

ఫేస్‌బుక్కు నియమమును చదివినచో పెద్దదోషము కానరాదు. మతస్థులను దూషింపరాదు, మతమును విమర్శింపవచ్చునని దాని తాత్పర్యము. నాస్తికుడు బూతులాడినచో తొలగింపవలసినదే. భక్తుడు నాస్తికుని తిట్టినను అంతే. చిక్కంతయు అమలునందున్నది. దేవుని మహిమలు చాటు పుటపై ఫిర్యాదు చేయువా రరుదు. దేవుడు లేడన్నవానిపై చేయువారు ఊరూరను గలరు, మా గజపతినగరమునను గలరు. ఫిర్యాదుల రాశినిబట్టి తీర్పు చెప్పినచో కొద్దిమందికి న్యాయ మెట్లు దొరకును?

గోరాగారు 1933లో నాస్తికత్వము కారణముగా కాకినాడ పి.ఆర్. కళాశాలలో ఉద్యోగమును కోల్పోయిరి. అయినను తమ్ము తొలగించిన దెవరో, ఎందులకో వారెరుగుదురు. 1940లో ముదునూరున నాస్తిక కేంద్రమును స్థాపించుకొనిరి. నేటి గోష్ఠి నిర్వాహకునికి తరచుగా తెలియునది ‘నియమభంగము’ అను నొక్కమాట.

పెద్దసంస్థలు తమంతట తొలగించునెడల కారణము తెలిపి, ప్రత్యుత్తరమునకు తావీయవలెనని మన దేశపు 2021 నాటి నియమములు విధించినవి. తెలుగు గోష్ఠి విషయమున ఆ కారణమును తెలుగు చదువనేర్చిన మనుష్యుడే వ్రాయవలెనని మే మడుగుచున్నాము.