పటమెక్కిన లారా, పటం లేని డయాన్

అపరాధ పరిశోధన సినిమాల్ని, సీరియళ్లని కాలక్షేపం సరుకని పక్కన పడేయటం మన వుద్యమాల్లో వొక అలవాటు. ఆ అలవాటుతో మాకు పేచీ వుంది. ఎవరు చస్తే లోకమంతా ఆరా తియ్యాలో, ఎవరు చస్తే అక్కర్లేదో జనానికి నేర్పేది చాలావరకు ఈ కథలే. అందుకే అమెరికా టెలివిజన్‌లో బాగా పేరుపడ్డ వొక సీరియల్‌నీ, దాని వెనకున్న వొక పాత సినిమానీ పక్కపక్కన పెట్టి చూడదల్చుకున్నాం.

సీరియల్ ‘ట్విన్ పీక్స్’. డేవిడ్ లించ్, మార్క్ ఫ్రాస్ట్ కలిసి తయారుచేస్తే ఏబీసీ చానెల్లో 1990 ఏప్రిల్ నుంచి 1991 జూన్ దాకా వచ్చింది. సినిమా ‘లారా’. వేరా కాస్పరీ నవల ఆధారంగా ఆటో ప్రెమింజర్ తీస్తే 1944లో విడుదలైంది. నేర చిత్రాల అభిమానులు యిప్పటికీ పదేపదే చూసే సినిమా అది.

రెంటికీ వున్న చుట్టరికం దాచినా దాగదు. సినిమాలో లారా హంట్ అనే యువతి హత్యతో కథ మొదలవుతుంది. ఆమె యింట్లో గోడకి ఆమె నిలువెత్తు అందాన్ని చూపే తైలవర్ణ చిత్రం. దర్యాప్తుకొచ్చిన పోలీసాయన ఆ పటాన్ని చూసి చూసి, చచ్చిపోయిందనుకున్న మనిషినే ప్రేమిస్తాడు. సీరియల్లో హత్యకు గురైన అమ్మాయి పేరు లారా పామర్. బడిలో రాణిగా ఎన్నికై నవ్వుతున్న ఆమె ఫొటో కథంతా మనల్ని వెంటాడుతుంది. చాలా భాగాల చివర పేర్లు పడేటప్పుడు కూడా అదే ఫొటో. సినిమాలో పత్రికా రచయిత పేరు వాల్డో లైడెకర్. సీరియల్లో వాల్డో అనే మైనా పిట్ట వుంది, లైడెకర్ అనే పశువుల డాక్టరు వున్నాడు. యిన్ని పేర్లు అనుకోకుండా కలుస్తాయంటే నమ్మలేం.

పేర్లు దొరికాయని మురిసిపోయే విమర్శ యిక్కడ ఆగిపోతుంది. మేం అడిగేది వేరే. పేర్లతోపాటు చావుని చూసే చూపు కూడా ఆ సినిమా నుంచి వచ్చిందా?

సినిమా మధ్యలో లారా బతికే తిరిగొస్తుంది. మరి చచ్చిందెవరు? తుపాకి దెబ్బకి మొహం గుర్తుపట్టరాకుండా పోయిన ఆ శవం డయాన్ రెడ్‌ఫెర్న్ అనే అమ్మాయిది. లారా పనిచేసే ప్రకటనల కంపెనీకి మోడల్. హంతకుడు ఆమెని లారా అనుకుని కాల్చాడు. ఈ డయాన్ బతికుండగా వొక్క క్షణమైనా తెరమీద కనపడదు. లారా వచ్చేసింది గదా, యిక డయాన్ చావు దర్యాప్తులో వొక చిక్కుముడిగా మాత్రమే మిగిలిపోతుంది. నిజంగా చచ్చినామెకి పటం లేదు. పటమున్నామె చావలేదు. ప్రేక్షకుడు మాత్రం తృప్తిగా యింటికి పోతాడు.

యిప్పుడు సీరియల్‌కి రండి. లారా పామర్‌కి ఏడాది ముందే అదే చేతుల్లో తెరెసా బ్యాంక్స్ అనే అమ్మాయి చచ్చింది. పోలీసు ఏజెంట్ కూపర్, లారా గోటి కింద దొరికిన అక్షరం చూసి, అట్లాంటి అక్షరమే తెరెసా గోటి కింద కూడా వుందని గుర్తుచేసుకుంటాడు. సీరియల్లో తెరెసా వొక ఆధారం, అంతే. లారాతోపాటు ఆ రాత్రి చిత్రహింసలు పడి బతికి బయటపడ్డ రోనెట్ పులాస్కీ మిల్లు కార్మికుడి బిడ్డ. ఆమె స్పృహలేక ఆసుపత్రి మంచమ్మీద వుంటే, వూరు ఏడ్చింది వకీలు గారి కూతురు లారా కోసం. కూపర్ టేపురికార్డరులో రోజూ డయాన్ అనే ఆమెకి సంగతులు చెబుతుంటాడు. ఆ పేరు సినిమా నుంచే వచ్చిందని మేం అనటం లేదు, కాకతాళీయమే కావచ్చు. కానీ ఆమెకీ మొహం లేదు. 2017లో సీరియల్ మళ్లీ వచ్చినప్పుడుగానీ ఆమె మనకి కనపడలేదు.

యిక ఆ అడవుల కథలు తెలిసినవాడు మూలవాసి పోలీసు హాక్. తెలిసినదంతా తెల్ల ఏజెంటుకి చెప్పటమే అతని పని. ఆ నేల ఎవరిదన్న ప్రశ్నని ఏ ఏజెంటూ దర్యాప్తు చెయ్యడు.

అయితే సీరియల్‌ని వొక్క వేటుతో కొట్టెయ్యటం న్యాయం కాదు. సినిమా చెయ్యలేని పని అది చేసింది. 1990 నవంబర్ 10న వచ్చిన భాగంలో, హంతకుడు బయటివాడు కాదు, లారా కన్నతండ్రే అని చూపించింది. మర్యాదస్తుల యింటి గోడల వెనక ఆడపిల్లకి జరిగేదేమిటో జనం ముందు పెట్టింది. అక్కడే జంకింది కూడా. తండ్రిని దయ్యం పట్టిందని చెప్పి నేరం సగం దయ్యానికి పంచింది. లించ్‌కే లోటు తెలిసిందేమో, 1992లో తీసిన ‘ఫైర్ వాక్ విత్ మీ’ సినిమాని తెరెసాతో మొదలుపెట్టాడు. హోటల్లో వడ్డించే పిల్ల, వుండేది ట్రెయిలర్ బస్తీలో. అక్కడి పోలీసు అధికారికి ఆమె చావంటే లెక్కలేదు. శవాన్ని అడగటానికి ఎవరూ రాలేదు. డయాన్‌కి దక్కని కాసిని నిమిషాలు తెరెసాకి దక్కాయి. ఆ సినిమాని అప్పట్లో విమర్శకులు చీల్చి చెండాడారు. మెచ్చుకోళ్లు వచ్చింది చాలా ఏళ్ల తర్వాతే.

అమెరికా మిల్లు పట్టణాన్నీ మన వూరినీ వొకే గాటన కట్టటం లేదు మేం. అక్కడి అంతస్తు వేరు, యిక్కడి కులం వేరు. కానీ వొక మాట చెప్పుకోవాలి. ఆ సీరియల్ ముగిసిన ఏడాదే, 1991 ఆగస్టు 6న, చుండూరులో 8 మంది దళితుల్ని చంపారు. పట్టపగలు జరిగిన పని. 2007లో ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవ శిక్ష వేసింది. 2014లో హైకోర్టు అందర్నీ నిర్దోషులుగా వొదిలేసింది. మనకి మిస్టరీ ‘ఎవరు చంపారు’ అన్న దగ్గర లేదు, చంపినవాళ్లు ఎవరూ లేరని తేలటంలో వుంది. ఆ మిస్టరీని విప్పే డిటెక్టివ్ ఏ సీరియల్లోనూ రాడు.

టీచర్లకీ విద్యార్థులకీ మా మనవి యిదే. ఈ సినిమానీ సీరియల్‌నీ తప్పకుండా చూడండి, హాయిగా చూడండి. చూశాక, హంతకుడెవరన్న ప్రశ్నతో ఆగకండి. డయాన్ శవాన్ని ఎవరు తీసుకుపోయారు, ఎక్కడ పూడ్చారు, యింటి దగ్గర ఆమె కోసం ఎదురుచూసిందెవరు అని అడగండి. కథ జవాబు చెప్పకపోతే, ఎందుకు చెప్పలేదో మీరు రాయండి.