‘చిల్లర దేవుళ్లు’ – ఉన్నత పాఠశాలలో నవలాబోధనము

ఉన్నత పాఠశాలలో నవలను బోధించునపుడు ఇతివృత్తము, పాత్రలు, ప్రతీకలు అను మూడు శీర్షికల క్రింద విషయమును విభజించి చెప్పుట పరిపాటి. విభజనమున దోషము లేదు. కాని ఇతివృత్తము నీతివాక్యముగాను, పాత్రలు మంచివారు చెడ్డవారు అను రెండు పట్టికలుగాను, ప్రతీక నిఘంటువులోని అర్థముగాను మారినచో, విద్యార్థి నవలను చదువకయే పరీక్ష వ్రాయగలడు. ఈ ప్రమాదమును తప్పించు మార్గమును దాశరథి రంగాచార్య (1928–2015) రచించిన ‘చిల్లర దేవుళ్లు’ ఆధారముగా, అనంతగిరి పరిసరములయందలి వికారాబాదు, తాండూరు ప్రాంతపు విద్యార్థులను దృష్టియందుంచుకొని పరిశీలించుట ఈ వ్యాసోద్దేశము.

1969లో వెలువడిన ఈ నవల 1948 సెప్టెంబరునాటి పోలీసు చర్యకు పూర్వపు తెలంగాణ పల్లెను చిత్రించుచున్నది. బ్రతుకుతెరువు వెదకుకొనుచు విజయవాడనుండి వచ్చిన పాణి అను సంగీతజ్ఞుడు దేశముఖు రామారెడ్డి ఆశ్రయము పొందును. దొర కూతురు మంజరి, కరణము, అతని కూతురు తాయారు, గడిలోని ఆడబాప వనజ – వీరి నడుమ కథ నడచును. ఇంతమాత్రమే చెప్పి విడిచినచో ఇది ప్రణయకథయే యగును. వెట్టి, ఆడబాప వ్యవస్థ, భూమి – ఈ మూడింటిని జతపరచి చూచినపుడే ఇతివృత్తము బోధపడును. దొర క్రూరుడని చెప్పుట సులభము. ఆ క్రౌర్యము ఊరివారికి దినచర్యవలె ఏల తోచినదో చెప్పుట కష్టము. నవల ఈ రెండవ పని చేయుచున్నది. ఉపాధ్యాయుడును అదియే చేయవలెను.

ప్రతీకాచర్చకు నవల పేరే మొదటి ద్వారము. అనంతగిరి పద్మనాభస్వామిని దర్శించిన బాలుడు, ఊరి పొలిమేరలో పోచమ్మను, మైసమ్మను ఎరిగినవాడు, చిల్లర దేవుళ్లనగా గ్రామదేవతలని తలచుట సహజము. ఆ పొరపాటునుండియే పాఠము ప్రారంభింపవచ్చును. గ్రామదేవతకు జనులు భక్తితో మ్రొక్కుదురు. ఈ దేవుళ్లకు భయముచే మ్రొక్కుదురు. చిల్లర యనగా అల్పమని ఒక అర్థము, నాణెములని వేరొక అర్థము. నాణెమునకు విలువ లోహమువలననే కాదు, ప్రభువు ముద్రవలన కలుగును. దేశముఖు, కరణము మొదలగువారి మహిమయు నైజాము ముద్రచేత చెలామణియైనదే. ముద్ర చెరగిననాడు వీరు చెల్లని కాసులు. ఈ అన్వయము నాది. విద్యార్థి దీనిని అంగీకరింపనక్కరలేదు, తనదానిని నవలలోని సన్నివేశముతో నిరూపించిన చాలును.

పాత్రలలో వనజను గురించి ప్రత్యేకముగా చెప్పవలసియున్నది. వధువు వెంట అత్తవారింటికి పంపబడి, ఆజన్మాంతము గడిలో ఊడిగము చేయుచు, దొర కోరికను కాదనలేని స్త్రీ ఆడబాప. పదునాలుగేండ్ల పిల్లలకు ఈ సంగతి ఎట్లు చెప్పుదుమని ఉపాధ్యాయులు ఆ పుటలను దాటవేయుట కలదు. వారి సంకోచము అర్థము చేసికొనదగినదే. కాని వనజను దాటవేసినచో గడి కేవలము పెద్ద భవనముగా మిగులును. తన శరీరముపై తనకు హక్కు లేని మనిషి ఒకతె అందులో ఉన్నదని సంయమముతో చెప్పిన చాలును. అంతకుమించిన వివరణము అనవసరము. మంజరిని, వనజను ప్రక్కప్రక్కన నిలిపి, ఒకే కప్పు క్రింద ఇద్దరి స్వేచ్ఛలోని తారతమ్యమును గుర్తింపజేయుట మేలైన అభ్యాసము.

నవలలో విమర్శింపదగిన అంశమును కలదు. పల్లెను మనము చాలవరకు బయటినుండి వచ్చిన పాణి కన్నులతో చూచుచున్నాము. ఇందువలన వింతయు, వేదనయు స్ఫుటమగును. కాని భూమి పోగొట్టుకొను లంబాడీల లోపలి మాట తక్కువగా వినబడును. తండాలు విరివిగా గల ఈ ప్రాంతపు తరగతిలో ఈ కొరత వెంటనే కానవచ్చును. ‘ఈ సన్నివేశమును తండావాసి చెప్పినచో ఎట్లుండును?’ అను ప్రశ్న అచట ఊహామాత్రము కాదు.

స్థానికచరిత్రను జోడించునపుడు జాగ్రత్త అవసరము. వికారాబాదు పైగా అమీరు వికారుల్ ఉమరా పేరున వెలసిన పట్టణము. 1949లో జాగీర్లు రద్దగువరకు పైగాల పాలనము వేరు, దివానీ గ్రామములలో దేశముఖుల పెత్తనము వేరు. కావున ‘మన ఊరి కథయే ఇది’ అని తొందరపడి చెప్పరాదు. ఇంటి పెద్దలనుండి విన్నదానిని, నవలలో చదివినదానిని రెండు వరుసలలో వ్రాయించి, కలిసినదేది, కలియనిదేది అని అడుగవలెను. సంభాషణలలోని తెలంగాణ పలుకుబడి, ఉర్దూ పదములు ఈ విద్యార్థులకు ఇంటిభాషలోనివే. పాఠ్యపుస్తకమున తన మాట కనబడిన బాలుడు వ్యాఖ్యాత కాగలడు. ఉపాధ్యాయుడు అపుడు కొంత వినువాడు కావలెను.

ఇతివృత్తము, పాత్రలు, ప్రతీకలు నవలనుండి ఏరి తీసికొనిపోవలసిన ఫలములు కావు. మరల నవలలోనికి ప్రవేశించుటకు దారులు. పరీక్షాపత్రములో ‘ఈ నవలలోని నీతియేమి?’ అను ప్రశ్నకు బదులు ‘వనజ ఏల మాటలాడలేకపోయినది?’ అను ప్రశ్న చేరిననాడు మన బోధనము కొంత సార్థకమగును.