గాబరా గీత

"నాకు బీపీ తెప్పించకు" అని ఇంట్లో ఎవరో ఒకరి మీద విసుక్కోని తెలుగువాళ్లుండరు. కోపానికీ గాబరాకీ కలిపి మనం పెట్టుకున్న పేరది. ఆ మాటలో నిజమెంతో మొన్న కృష్ణగిరి జిల్లా సామల్పట్టిలో ఒక ఇంటి వసారాలో కూర్చుని చూశాను.

తమిళనాట 'మక్కళై తేడి మరుత్తువం' అనే పథకం ఉంది. జనాన్ని వెతుక్కుంటూ వచ్చే వైద్యం అని అర్థం. 2021 ఆగస్టు 5న అది మొదలైంది ఇదే కృష్ణగిరి జిల్లాలోని సామనపల్లిలో. ఆ పథకం పని మీద వచ్చినామె ఆ ఇంటి అవ్వ చేతికి బీపీ పట్టీ చుట్టి మీట నొక్కింది. 158/92.

"అయ్యో!" అంది అవ్వ.

"ఏం కాదవ్వా, ఇప్పుడే కదా పెరట్లోంచి వచ్చినావు. వీపు ఆనించి కూర్చో, కాళ్లు కిందపెట్టు. మాట్లాడొద్దు."

అయిదు నిమిషాల తర్వాత 132/82.

ముందు ఆ పట్టీ సంగతి. చేతికి గాలిపట్టీ చుట్టి బీపీ కొలిచే పద్ధతిని 1896లో ఇటలీ వైద్యుడు రివా-రొచ్చి చూపించాడు. 1905లో రష్యన్ సర్జన్ కొరొట్కోవ్ పట్టీ కింద స్టెతస్కోపు పెట్టి, నాడి చప్పుడు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో విని రెండు అంకెలూ పట్టాడు. అవ్వకు పెట్టిన బ్యాటరీ మిషనుకు చెవులతో పనిలేదు. నాడి కొట్టినప్పుడల్లా పట్టీలోని గాలి సన్నగా అదురుతుంది. ఆ అదురు ఎక్కడ అన్నిటికంటే పెద్దదో అదే సగటు రక్తపోటు. పై అంకె, కింది అంకె దాన్నుంచి లెక్కగట్టినవే. చెయ్యి కదిపినా, కబుర్లు చెప్పినా ఆ లెక్క చెడుతుంది.

అంతకంటే నేర్పైన కొలత మిషను అవ్వ మెడలోనే ఉంది. మెదడుకు వెళ్లే ధమని దవడ కింద రెండుగా చీలేచోట చిన్న ఉబ్బు ఉంటుంది. దాని గోడలో నరాల కొసలు అల్లుకుని ఉంటాయి. గుండెలోంచి బయల్దేరే పెద్ద ధమని వంపులోనూ అలాంటివే. ఇవి పసిగట్టేది గోడ సాగడాన్ని. గోడ ఎంత సాగితే మెదడు అడుగుభాగానికి అంత జోరుగా కబురు పోతుంది. అక్కణ్ణుంచి గుండెకు నెమ్మదించమనీ, సన్న నాళాలకు సడలమనీ ఆజ్ఞలు వస్తాయి. గుండెకు వెళ్లే ఆజ్ఞ ఒకటి రెండు నాడి దెబ్బల్లోనే అమలైపోతుంది. మంచం మీంచి లేవగానే కళ్లు తిరిగి పడిపోకుండా నిలబెడుతున్నది కూడా ఈ కాపలాయే.

ఇంత చురుకైన కాపలా ఉండగా గాబరాకి బీపీ ఎలా పెరుగుతుంది? నన్ను అబ్బురపరిచిన కిటుకు ఇక్కడుంది. భయం వేసినప్పుడు మెదడు కాపలావాణ్ణి నిద్రపుచ్చదు, వాడు చూసే గీతను పైకి జరుపుతుంది. 150 కూడా వాడికి సబబుగానే కనిపిస్తుంది. ఈలోగా మూత్రపిండాల మీద టోపీల్లా కూర్చున్న గ్రంథులు అడ్రినలిన్ వదులుతాయి. గుండె దడదడలాడుతుంది. చర్మంలో, పేగుల్లో నాళాలు బిగుసుకుంటే కండల్లోవి తెరుచుకుంటాయి. పాము ఎదురైతే పరుగెత్తడానికి చేసిన ఏర్పాటిది. అప్పు వాయిదా తేదీకి పరుగుతో పనిలేదు; అయినా ఏర్పాటు మాత్రం అదే.

గాబరా తగ్గితే గీత దిగుతుంది. కాబట్టి ఒక్కపూట కంగారు బీపీ జబ్బు కాదు. కానీ పోటు నెలల తరబడి ఎక్కువగానే ఉంటే కాపలావాడు ఆ ఎత్తుకే అలవాటుపడి, దాన్నే కాపాడటం మొదలుపెడతాడు. మానని బెంగ నిద్రను చెడగొడుతుంది, పొగాకునూ సారానూ దగ్గర చేస్తుంది; బీపీని పెంచేవే ఇవన్నీ.

మనసుకూ పోటుకూ దారి ఒకటేనని మన దేశపు మొక్క వేరు ఒకటి ముందే చూపించింది. సర్పగంధిని మతి చలించినవాళ్లకు ఇచ్చే ఆనవాయితీ పాతదే. అదే వేరు బీపీనీ దించుతుందని 1949లో బొంబాయి వైద్యుడు రుస్తుం జల్ వకీల్ లండన్ పత్రికలో రాశాడు. దాన్నుంచి 1952లో తీసిన రెసర్పిన్ నరాల కొసల్లో దాచి ఉన్న నార్‌అడ్రినలిన్‌ను ఖాళీ చేస్తుంది. నాళాలు సడలుతాయి, మనసూ నెమ్మదిస్తుంది. కొందరిని మరీ దిగులులోకి దించడంతో దాని వాడకం తగ్గింది.

తెల్లకోటు ఎదురుగా పెరిగే అంకె ఇంట్లో దిగుతుంది కనుకే, ఆసుపత్రిలో హద్దు 140/90 అయితే ఇంటి కొలతకు 135/85నే హద్దుగా పెట్టారు. మొదటి కొలత చూసి బెదిరిపోయి మాత్ర మింగకండి, రెండో కొలత చూసి వేసుకుంటున్న మాత్ర మానకండి. వారంపాటు పొద్దునా సాయంత్రమూ అవ్వలా కుదురుగా కూర్చుని చూసుకుని, అంకెలు కాగితం మీద రాసి డాక్టరుకు చూపించండి.