మామికో పక్కన మేడలమ్మ

‘గెక్కన్ షోజో నొజాకి-కున్’ అనే జపాన్ మాంగాలో మామికో అని ఒక కథానాయిక ఉంది. ఆమె కథలోపలి కథలో పాత్ర. చిన్న మాటకే ముఖం ఎర్రబడే సిగ్గరి. ఈ అమ్మాయికి నమూనా ఒక అబ్బాయి. మన సిద్దిపేట జిల్లా కొమురవెల్లి మల్లన్న కథలో బలిజ మేడలమ్మ ఉంది. మొగుడు గొల్ల కేతమ్మను మనువాడితే ఊరుకోకుండా నిలదీసే ఇల్లాలు. ఆమె కోపాన్ని మన కళ్ల ముందుకు తెచ్చేది ఒగ్గు బృందంలోని మగవాడు. ఈ రెండు పాత్రల్నీ పక్కపక్కన పెడితే, ఆడతనం, మగతనం అని మనం అనుకునేదాంట్లో ఒంటిది ఎంత, గీతదీ గొంతుదీ ఎంత అన్న ప్రశ్న రెండు వైపుల నుంచీ ఎదురవుతుంది. జవాబులు మాత్రం ఒకటి కావు.

మాంగా గీసింది ఇజుమి త్సుబాకి. 2011లో స్క్వేర్ ఎనిక్స్ వారి ‘గాంగన్ ఆన్‌లైన్’లో మొదలైంది. 2014లో 12 భాగాల యానిమేగా వచ్చింది. సకురా చియో అనే అమ్మాయి నొజాకిని ప్రేమిస్తుంది. ధైర్యం కూడగట్టుకుని చెప్పబోయి, తడబడి, తాను అతని అభిమానినంటుంది. అతను సంతకం పెట్టి చేతికిస్తాడు. అది యుమెనో సకికో అనే ఆడపేరు. 190 సెంటీమీటర్ల ఎత్తు, ఏ భావమూ పలకని ముఖం ఉన్న ఈ కుర్రాడే అమ్మాయిల పత్రికలో ప్రేమకథలు గీసే పేరుమోసిన రచయిత్రి. తెలుగు పాఠకులకు ఇది మరీ వింత కాదు. ఆంధ్రజ్యోతి వారపత్రికలో పురాణం సీత పేరుతో ‘ఇల్లాలి ముచ్చట్లు’ రాసింది పురాణం సుబ్రహ్మణ్యశర్మే కదా.

త్సుబాకి ఈ ప్రేమకథల్ని బయట నిలబడి వెక్కిరించడం లేదు. ‘హనా టు యుమె’ అనే అమ్మాయిల పత్రికలో ‘ఓరెసామా టీచర్’ను ఏళ్ల తరబడి గీసిన మనిషి. ఏ గీత పాఠకురాలి గుండెను కొట్టుకునేలా చేస్తుందో ఆమె చేతికి తెలుసు. అందుకే నొజాకి గదిలో పని పంపకం అంత ముచ్చటగా ఉంటుంది. నల్లరంగు నింపేది చియో. వెనకాల గోడలూ చెట్లూ గీసేది నాటక బృందం నాయకుడు హోరి. టోన్ కాగితాలు అంటించేది బాస్కెట్‌బాల్ ఆడే వకామత్సు. పూలూ మెరుపులూ గీసేది మికోషిబా. ఈ మికోషిబా అమ్మాయిలతో సరసమాడబోయి, అన్న మాటకు తానే సిగ్గుతో ముడుచుకుపోతాడు. నొజాకి గీసే మామికోకు నమూనా అతనే. అమ్మాయిల మాంగాలో అందగాడు అడుగుపెడితే వెనకాల పూలు విచ్చుకుంటాయి. ఇక్కడ ఆ పూలు అందరికన్నా ఎక్కువగా అతికేది కాషిమాకు, బడిలో అమ్మాయిలంతా రాకుమారుడిలా చూసుకునే ఒక అమ్మాయికి. పూలు చేత్తో గీసి పెట్టినవేనని ఒకసారి చూశాక, అవి ఎవరి వెనకాలైనా పూయవచ్చని పాఠకుడికి వేరే చెప్పక్కర్లేదు.

ఇక కొమురవెల్లి. సంక్రాంతి నుంచి ఉగాది దాకా ఆదివారాలు జాతర సాగుతుంది. ఒగ్గు పూజారులు రంగుల పొడులతో పట్నం వేస్తారు, మల్లన్న కథ పాడతారు. మల్లన్నకు ఇద్దరు భార్యలు, బలిజల బిడ్డ మేడలమ్మ, గొల్లల బిడ్డ కేతమ్మ. మరాఠీ నేలమీద ఖండోబాకూ ఇలాగే మ్హాల్సా, బాణాయి ఉన్నారు. భక్తి కథే అయినా అందులో వలపు ఉంది, అలక ఉంది, సవతుల మాటల పోటు ఉంది. కథకుడు అప్పటిదాకా మల్లన్నగా ఛాతీ విరుచుకుని నిలబడి ఉంటాడు. డోలు దరువు మారుతుంది. భుజం మీది గుడ్డ తల మీదికి వస్తుంది, ఒక చెయ్యి నడుముకు చేరుతుంది, గొంతు సన్నబడి పదునెక్కుతుంది. మేడలమ్మ వచ్చింది. నాలుగు మాటలు కడిగేశాక గుడ్డ మళ్లీ భుజం మీదికి జారుతుంది, కథకుడు కథకుడైపోతాడు. ఇదంతా దాపరికం లేకుండా, జనం మధ్యలోనే జరిగిపోతుంది.

రెంటి నిర్మాణంలోనూ ఒక పోలిక నన్ను బాగా ఆకట్టుకుంది. నొజాకి కథ నిలువుగా పేర్చిన నాలుగు గడుల్లో నడుస్తుంది. నాలుగో గడిలో ఎదురుదెబ్బ తగలాలి. ఎక్కువసార్లు ఆ పని చియో నోరెళ్లబెట్టిన ముఖం చేస్తుంది. ఒగ్గు కథలో అది వంత చేసే పని. అవునా అని అడిగి, కథకుడిని ఆపి, జనం మనసులోని మాట అనేది వంతకాడే. చియోను నేను కథానాయికగా కన్నా వంతగా చదివినప్పుడే ఆ మాంగా నడక నాకు పట్టుబడింది.

నవ్వు పుట్టే చోటు మాత్రం వేరు. మాంగాలో మనిషికీ, ఆ మనిషి వెనకాల గీసిన పూలకూ పొంతన కుదరక నవ్వొస్తుంది. ఒగ్గు కథలో ఆ ఎడమే ఉండదు. మగవాడు కొంగు కప్పుకున్నాడని ఎవరూ నవ్వరు, మేడలమ్మ అన్న మాటకు నవ్వుతారు. ఇదే జాతరల్లో పసుపు రాసుకుని, చీర కట్టుకుని పూనకంతో ఆడే శివసత్తుల్లో మగవాళ్లూ ఉంటారు, జనం వాళ్లకు దండం పెడతారు. మన సినిమాల్లో మగవాడు చీర కడితే అది దొరికిపోతాననే భయంతో నడిచే హాస్యం, లేదంటే హేళన. పక్కనే ఇంత గౌరవమైన సంప్రదాయం ఉండి కూడా మన తెర దాన్ని తీసుకోకపోవడం నాకు బాధ కలిగించే విషయం.

అయితే ఒగ్గు కథలో వేషానికి ఉన్న స్వేచ్ఛ కథకు లేదు. మల్లన్న రెండో పెళ్లి ఆగదు. మేడలమ్మ ఎంత వాదించినా సర్దుకోవాల్సింది ఆమే. నొజాకిలో సరిగ్గా తలకిందులు. అక్కడ ఎవరి వేషమూ పెద్దగా మారదు కానీ ఎవరినీ సరిదిద్దరు. మగరాయుడిలా తిరిగే పిల్ల చివరికి జడ వేసుకుని అణకువ నేర్చుకోవడం మనకు అలవాటైన ముగింపు. కాషిమాకు ఆ గతి పట్టించలేదు త్సుబాకి. మొరటుగా మాట్లాడే సెవో అనే అమ్మాయి గొంతులోనే అద్భుతమైన పాట ఉంది, ఆ మొరటుతనం పోవాలని కథ కోరదు. ఒక్కటే నాకు మింగుడుపడదు. కాషిమా నాటక సాధన ఎగ్గొట్టినప్పుడల్లా హోరి ఆమెను కొట్టి ఈడ్చుకుపోవడాన్ని నవ్వుగా గీయడం. ఇన్ని మూసలు పగలగొట్టిన చేయి దాన్ని ఎందుకు వదిలేసిందో అర్థం కాదు.

మూస పగలనిది ఇంకొకటి చియోలో ఉంది. ముందుగా నోరు తెరిచింది అమ్మాయే. కానీ అపార్థం జరిగాక ఆ మాట మింగేసి, అతని బల్ల దగ్గర కూర్చుని నల్లరంగు నింపుతూ ఉంటుంది. ఇద్దరు ఒకే సైకిల్ మీద వెళ్లే ప్రేమ దృశ్యం కావాలని, అలా ఇద్దరెక్కడం నిబంధనలకు విరుద్ధం కాబట్టి, నొజాకి రెండు సీట్ల, రెండు జతల పెడళ్ల సైకిల్ తెస్తాడు. చియో వెనక కూర్చుని తొక్కుతుంది. ఘట్టం కడుపుబ్బ నవ్విస్తుంది, కాదనను. అయినా ఆమె నిరీక్షణ మీదే మొత్తం హాస్యం నిలబడి ఉంది, ఆ ఓర్పును మాంగా ఒక్కసారి కూడా గట్టిగా ప్రశ్నించదు. మేడలమ్మకు మొగుణ్ని ఆపే బలం కథ ఇవ్వలేదు. కానీ అతన్ని నలుగురిలో నిలబెట్టి అడిగే మాట ఇచ్చింది, ఆ మాట వినడానికి జనం పొద్దుపోయేదాకా కూర్చుంటారు.