రంగుల పొత్తు

ఖరగ్‌పూరు రైలు పట్టణములో తెలుగు, వంగ, ఓఢ్ర, హిందీ భాషలు ఒకే వీథిలో వినవచ్చును. బెంగాల్ నాగపూర్ రైల్వే కొలువులకై తరలివెళ్లిన తెలుగువారి సంతతి నేటికీ అక్కడ ఉన్నది. ఇట్టి చోటును మొజాయిక్ చిత్రముతో పోల్చుట పరిపాటి. ఆ పోలిక సరియైనదేనా?

మొజాయిక్‌లో ప్రతి ముక్కకును దాని అంచు దానికే మిగులును. సున్నము వానిని పట్టి ఉంచునే గాని ఒకటిగా చేయదు. దేశాటనముచే రూపొందిన కళకు ఈ పొందిక చాలదని కృష్ణారెడ్డి (1925-2018) ముద్రణచిత్రములు చెప్పుచున్నవి. చిత్తూరు జిల్లా నందనూరులో పుట్టిన ఆయన శాంతినికేతనములో నందలాల్ బోసు శిష్యుడు. పిదప పారిస్‌లో శిల్పి జాడ్కిన్ వద్దను, హేటర్ నెలకొల్పిన 'ఆటెలియే 17' చిత్రశాలలోను కృషిచేసినాడు. అక్కడ కైకో మోతీతో కలిసి, ఒకే లోహఫలకమునుండి ఒక్క అచ్చుతోనే పలు రంగులు తీయు పద్ధతిని సాధించినాడు.

మెత్తని రోలరు ఫలకపు లోతులను తాకును. గట్టిది ఎత్తులనే తాకును. నూనె హెచ్చుగా గల సిరాపై చిక్కని సిరా అంటదు. అందుచేత 1963 నాటి 'సుడిగుండము'లో రంగులు పక్కపక్కన నిలువవు. ఒకదాని లోతునుండి మరొకటి పొడసూపును. పద్ధతిలోని నేర్పు కొన్ని తావుల భావమును మించి పలుకుట ఆయన కళలోని లోపమే. అయినను, పరదేశము స్వదేశమును చెరపలేదు.

ప్రవాసాంధ్ర రచయితకు ఇందులో హెచ్చరిక కలదు. వంగపదము నొకదానిని వాక్యమున పొదిగినంతనే ఖరగ్‌పూరు కథ పుట్టదు. అది ముక్క నతికించుటయే. రెండు పలుకుబడులు ఒకే ఫలకముపై, ఒకదానినొకటి ప్రతిఘటించుచునే, వెలుగవలెను.