దండారి ఆట బడి వేదిక ఎక్కాలంటే

దీపావళి దగ్గరపడుతుంటే ఆదిలాబాద్ జిల్లా బోథ్, బజార్‌హత్నూర్, ఇచ్చోడ వైపు గోండు గూడేల్లో తుడుం మోగుతుంది. బళ్లలో కళల పోటీల హడావిడి కూడా ఇంచుమించు ఆ రోజుల్లోనే ఉంటుంది. కేంద్ర విద్యాశాఖ 2015లో మొదలుపెట్టిన కళా ఉత్సవ్‌లో 9 నుంచి 12 తరగతుల పిల్లలు నృత్యం, సంగీతం, నాటకం, చిత్రకళల్లో పోటీపడతారు. జిల్లాలో గెలిస్తే రాష్ట్రానికి, అక్కడ గెలిస్తే జాతీయ స్థాయికి వెళ్తారు. మన ప్రాంతపు ఉన్నత పాఠశాల ఆ మెట్లు ఎక్కాలనుకుంటే సినిమా పాటల కోసం వెతకనక్కర్లేదు. నృత్యం, నాటకం రెండూ ఉన్న దండారి ఊళ్లోనే ఉంది. అయితే దాన్ని ఎలా నేర్చుకుంటున్నాం, వేదిక మీద ఎలా చూపిస్తున్నాం అన్నదే అసలు విషయం.

దండారి రాజ్‌గోండుల పండుగ. ఏత్మాసుర్ పేన్ అనే దైవాన్ని కొలిచి మొదలుపెట్టి, దీపావళి తర్వాత కోలాబోడి అనే ముగింపు వేడుకతో ముగిస్తారు. ఇరవై నుంచి నలభై మంది బృందం ఒక ఊరి నుంచి మరో ఊరికి అతిథిగా వెళ్తుంది. గోండుల్లో నాలుగు, ఐదు, ఆరు, ఏడు దేవతల సగలు అనే వంశ విభాగాలు ఉన్నాయి. ఒకే సగలో పెళ్లిళ్లు చేసుకోరు. అందుకే వియ్యానికి వీలున్న ఊళ్లకు దండారి వెళ్లినప్పుడు సంబంధాల మాటలు కూడా నడుస్తాయి. పగలంతా ఆట, రాత్రి ఖేల్ అనే చిన్న నాటికలు. రాసిపెట్టిన సంభాషణ లేకుండా, ఎదుటివాడి మాటను అందుకుని అప్పటికప్పుడు జవాబు చెప్పే నేర్పు వాటిలో ఉంటుంది. నాటక పోటీకి ఇంతకంటే మంచి సాధన ఏముంటుంది?

దండారి జోరందుకున్నాక ఇద్దరి నుంచి ఐదుగురి దాకా గుస్సాడీలు అనే వేషధారులు ఆడేవాళ్ల వలయంలోకి దూసుకొస్తారు. తల మీద నెమలి ఈకల టోపీ, ఒంటికి బూడిద, ముఖానికి పెట్టుడు గడ్డం మీసాలు, భుజం మీద మేకతోలు, మెడలో పూసల దండలు, నడుముకూ కాళ్లకూ గజ్జెలు, చేతిలో కర్ర ఉంటాయి. టోపీ తయారుచేయడమే ఒక విద్య. ఈకలను గుత్తులు గుత్తులుగా కట్టి, అంచు చుట్టూ అద్దాలూ రంగుల అలంకారమూ పొదిగి, కొమ్ములు బిగిస్తారు. ఆ బరువును నెత్తిన పెట్టుకుని ఆడాలి. మెడ నిలకడగా ఉండాలి, మోకాళ్లు వంగాలి, భారం నడుము మీదికి దిగాలి. అప్పుడే అడుగు పడిన ప్రతిసారీ గజ్జెలు మోగి, పైన ఈకలు అలలా ఊగుతాయి. మెడ తూలితే టోపీ జారుతుంది, నడుము బిగిస్తే గజ్జె మోగదు. ఈ పట్టు పుస్తకంలో దొరకదు, ఆడేవాళ్ల పక్కన ఆడితేనే వస్తుంది.

తాళం సంగతీ అంతే. డప్పు, తుడుం, గుమేల, పెప్రె, కాలికోం వాయించేవాళ్లు ఆటగాడి కాళ్లను చూసి వేగం పెంచుతారు, తగ్గిస్తారు. రికార్డు చేసిన పాట పెడితే ఆ సంభాషణ తెగిపోతుంది. పోటీకి వెళ్లే బడి ముందుగా సమకూర్చుకోవాల్సింది వాయిద్యాలనూ వాయించే పిల్లలనూ. దుస్తుల గురించి ఆ తర్వాత ఆలోచించవచ్చు.

వేదికకు తగ్గట్టు కొన్ని మార్చక తప్పదు. ఊళ్లో చూసేవాళ్లు చుట్టూ ఉంటారు, సభలో ఒకవైపే కూర్చుంటారు. కాబట్టి వలయాన్ని అర్ధచంద్రంగా విప్పాలి. రోజుల తరబడి సాగే పండుగను నిమిషాల్లోకి కుదించాలంటే అతిథుల రాక, గుస్సాడీ ప్రవేశం, ఒక చిన్న ఖేల్, వీడ్కోలు చాలు. పాట మాత్రం గోండిలోనే ఉండాలి. మార్చకూడనివీ ఉన్నాయి. గుస్సాడీ వేషం ఒక దీక్ష. పండుగ ముగిసేదాకా స్నానం చేయని నియమం పాటించేవాళ్లకు ఆ టోపీ దైవంతో సమానం. పూజలో ఉంచిన టోపీని పోటీ కోసం అడగకూడదు. పెద్దల అనుమతితో వేరే టోపీ కట్టించుకోవాలి. పూజా విధులను అభినయించకుండా వదిలేయాలి.

గోండులకు బడితో ఉన్న బంధం కొత్తది కాదు. మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్ మర్లవాయిలో ఉండి గోండుల జీవితాన్ని అధ్యయనం చేసిన 1940ల్లోనే అక్కడ గోండు ఉపాధ్యాయుల శిక్షణ కేంద్రం మొదలైంది. అదే మర్లవాయికి చెందిన కనకరాజు, ఇందిరాగాంధీ ప్రధానిగా ఉన్న రోజుల్లో ఢిల్లీ గణతంత్ర వేడుకల్లో గుస్సాడీ ఆడించారు. ఎందరో యువకులకు ఆ ఆట నేర్పారు. 2021లో పద్మశ్రీ అందుకున్నారు, 2024 అక్టోబర్‌లో కన్నుమూశారు. అలాంటి గురువు పోయాక ఆ విద్యను నిలబెట్టే బాధ్యత ఊళ్లతో పాటు బళ్ల మీదా పడింది.

బోథ్ తరగతి గదిలో గోండు పిల్లవాడి పక్కన లంబాడీ, మరాఠీ, ఉర్దూ మాట్లాడే ఇళ్ల పిల్లలు కూర్చుంటారు. తెలుగు పాఠం అప్పజెప్పడానికి తడబడే గోండు పిల్లవాడు దండారి సాధనలో మిగతావాళ్లకు అడుగు చూపిస్తాడు, పాట అర్థం చెబుతాడు. తన ఇంటి భాషకు బడిలో గౌరవం ఉందని ఆ రోజు అతనికి తెలుస్తుంది. పోటీలో బహుమతి వచ్చినా రాకపోయినా ఆ లాభం మిగులుతుంది.

ప్రధానోపాధ్యాయులకు నా విన్నపం ఒక్కటే. పోటీ తేదీ వచ్చాక పదిరోజుల ముందు పరుగులు పెట్టకండి. బడి తెరిచిన జూన్‌లోనే దగ్గరి గూడెం పటేల్‌ను కలవండి. ఆడేవాళ్లలో, వాయించేవాళ్లలో ఇద్దరు పెద్దలను వారానికి ఒకరోజు బడికి పిలవండి. వాళ్ల కూలి పోకుండా గౌరవ వేతనం ఇవ్వండి. వేదిక మీద వాళ్ల పేర్లు చదవండి.