హృతము, ఉద్ధృతము: అపహృతములైన పిత్రార్జితనాణెములఁ గూర్చిన విమర్శము

యాజ్ఞవల్క్యస్మృతి వ్యవహారాధ్యాయమున దాయవిభాగప్రకరణమందు, తాతతండ్రులనుండి క్రమముగా వచ్చిన ద్రవ్యము పరులచే హరింపఁబడఁగా దానిని మరలఁ దెచ్చినవాఁడు దాయాదుల కీయనక్కఱలేదని యొక శాసనము కలదు. పండితులు దాయభాగమును బోధించునపుడు దీనిని రెండుమాటలలో ముగించి ముందునకుఁ బోవుదురు. వ్యాజ్యెములు పొలములఁ గూర్చియు నిండ్లఁ గూర్చియునే మెండగుటచే నీ యుపేక్ష కలిగియుండును. కాని యొక గృహస్థునింటఁ దాత కూర్చిన ప్రాచీననాణెముల పెట్టె దొంగలపాలై, యేండ్లు గడచిన పిమ్మట మనుమఁడు దాని జాడ తీయఁబూనినచో, ఈ శ్లోకమునందలి ప్రతిపదమును విచారింపవలసివచ్చును. ఆ విచారమున వ్యాకరణము తోడుపడినంతగా మఱియొక శాస్త్రము తోడుపడదు.

శ్లోకమున హృతమనియు, అభ్యుద్ధరేత్తనియు రెండుపదములున్నవి. రెంటికిని హృఞ్ ధాతువే మూలము. రెండవదానియందు అభి, ఉత్ అను నుపసర్గలు చేరఁగా, అష్టమాధ్యాయసూత్రముచే హకారము ధకారమై యుద్ధరణము సిద్ధించినది. ఉపసర్గబలమున ధాత్వర్థము వేఱొకచోటికిఁ బోవుననుటకు వైయాకరణు లీ ధాతువునే యుదాహరణముగాఁ గైకొనుట బాలురకును దెలిసినదే. దొంగ చేసినదియు హరణమే, మనుమఁడు చేయఁబూనినదియు హరణమే. నడుమ నున్నవి రెండుపసర్గలు మాత్రము. తెలుఁగునను ఎత్తుకొనిపోవుట, ఎత్తుకొనివచ్చుట యనుచోట మొదటిభాగ మొక్కటే యగుట గమనింపఁదగినది.

హృతమనఁగా బలాత్కారమున నాక్రమింపఁబడినదే కాని దొంగిలింపఁబడినది కాదని వాదించువారుందురు. ఈ వాదము నిలువదు. భట్టోజిదీక్షితుఁడు సిద్ధాంతకౌముదియందు హరణమునకు ప్రాపణము, స్వీకారము, స్తేయము, నాశనము అని నాలుగర్థములను జెప్పెను. కూలివాఁడు మూటను హరించుట మొదటిది. దాయాది తన పాలిని హరించుట రెండవది. దొంగ పెట్టెను హరించుట మూఁడవది. సూర్యుఁడు చీఁకటిని హరించుట నాల్గవది. స్తేయము ధాతువునందే యుండఁగా దానిని వెలికిఁ ద్రోయుటకు హేతువు లేదు. మఱియు నీ స్మృతికర్తయే రాజధర్మమును జెప్పుచు, చోరులు హరించిన ద్రవ్యమును రాజు జానపదునకు మరల నీయవలెననుచోట హృతశబ్దమునే ప్రయోగించెను. ఒకే గ్రంథమున నొకే శబ్దమున కొకచోట నర్థమును విప్పియు వేఱొకచోట ముడిచియుఁ జెప్పుట వ్యాఖ్యానము కాదు.

ఇంక అభ్యుద్ధరేత్తనుచోటి లిఙ్ విధ్యర్థకమా యను ప్రశ్న. పోయినదానిని దెచ్చితీరవలెనని ఋషి యెవనిని నిర్బంధింపలేదు. శక్తి గమ్యమానమగునపుడును లిఙ్ వచ్చునని పాణిని యనుశాసించెను గావున, 'ఎవఁడు తేఁగలుగునో' యనుటయే సరసము. తండ్రి యశక్తిచే విడిచిన ద్రవ్యమును గొడుకులలో నొకఁడు తక్కినవారి యనుమతితోఁ దెచ్చినచో నది వానిదే యని విజ్ఞానేశ్వరుఁడు వివరించుటయు దీనికే యనుకూలము. ముందరిశ్లోకమునందలి పితృద్రవ్యమునకు విరోధము లేకుండ నను విశేషణము ఇచ్చటికిని అనువర్తించునని యాయన చెప్పిన మాట మిక్కిలి సూక్ష్మము. అనఁగా రైలుకూలియు, వకీలు రుసుమును ఉమ్మడిసొమ్మునుండి పోయినచో, తెచ్చిన పెట్టెయు నుమ్మడిదే యగును. భూమివిషయమున మాత్రము తెచ్చినవానికి నాల్గవపాలు ముందిచ్చి, శేషమును అందఱును బంచుకొందురు.

అధికారమున్నను సాధనము లేనిచో నేమి ప్రయోజనము? పోయినద్రవ్యము దొరకినపుడు స్వామి దానిని లింగములచే నిరూపింపవలెననియు, నిరూపింపలేనిచో దానితో సమమైన దండమున కర్హుఁడనియు యాజ్ఞవల్క్యుఁడు చెప్పెను. మనువు ఆ లింగములను రూపము, సంఖ్య మొదలగునవిగాఁ బేర్కొనెను. రూపము, లింగము, సంఖ్య: మూఁడును శబ్దశాస్త్రమునఁ బరిచితములే. అందు రూపశబ్దమునకు నాణెములతో విశేషసంబంధము కలదు. ఆహతార్థమున, అనఁగాఁ గొట్టి ముద్రవేయఁబడినదను నర్థమున, రూపశబ్దముపై యప్ప్రత్యయము వచ్చి రూప్యమగునని పాణినిసూత్రము. రూపాయి యనుమాట కిదియే మూలము. కావున మనువు చెప్పిన రూపము నాణెముపట్ల ముద్రయే కావలెను. చిక్కు పుట్టునది యిచ్చటనే.

పెనుకొండ, హిందూపురము, ధర్మవరము అను నీ మూఁడూళ్లును (2022వ సంవత్సరమువఱకు అనంతపురముజిల్లాలోనివి, పిమ్మట శ్రీసత్యసాయిజిల్లాలోనివి) ఒకే రైలుమార్గమున నున్నవి. 1565లో రక్కసి-తంగడి యుద్ధానంతరము తిరుమలరాయఁడు విజయనగరభాండారమును ఏనుఁగులపై నెక్కించి పెనుకొండకుఁ జేర్చెను. 550 ఏనుఁగులని సూయలు దొర తన గ్రంథమున వ్రాసెను. ఆ భాండారము శత్రువులకుఁ జిక్కలేదు. ఇంటివాఁడే దానిని గొనిపోయెను. దానిని హృతమనవలెనో, ఉద్ధృతమనవలెనో సదాశివరాయల పక్షమువా రొకవిధముగాను, ఆరవీటివా రొకవిధముగాను జెప్పియుందురు. అట్టి సీమలోఁ బాతయింటి పూజాపేటికయం దొక వరహా యుండుట వింత కాదు. కృష్ణదేవరాయని వరహాపై బాలకృష్ణుఁడు, అచ్యుతరాయనిదానిపై ఏనుఁగులను బట్టిన గండభేరుండము, తిరుమలరాయనిదానిపై సీతారామలక్ష్మణులు, వేంకటపతిరాయనిదానిపై వేంకటేశ్వరస్వామి యుందురు. వరహా తూకము ఇంచుమించు 3.4 గ్రాములు. 1443లో విజయనగరమునకు వచ్చిన అబ్దుల్ రజాకు, వరహాలో సగము ప్రతాపమనియు, అందుఁ బదియవవంతు పణమనియు వ్రాసెను. ఈ ముద్రయు నీ తూకమును వేలకొలఁది నాణెములకు సమానము. టంకసాల యుద్దేశమే యది. ఒకదానికొకటి భేదము లేకుండుటయే నాణెమునకు గుణము. ఆ గుణమే పోఁగొట్టుకొన్నవానికి దోషము.

శాకుంతలమునందలి యుంగరముతోఁ బోల్చిచూచినచో నీ భేదము తేటపడును. చేఁపకడుపున దొరకిన యుంగరముపై దుష్యంతుని పేరున్నది. రక్షకభటులు జాలరిని దొంగ యని కట్టితెచ్చినను, ఉంగరము తన స్వామిని దానే చెప్పికొనినది. నాణెముపైనను రాజుపేరే యుండును, కాని యా రాజు దానికి స్వామి కాఁడు. స్వామిపేరు దానిపై నుండదు. ఉంగరమునం దభిజ్ఞానమైనది నాణెమునందు సామాన్యలక్షణ మగును.

మృచ్ఛకటికమున శూద్రకుఁ డీ చిక్కును జక్కఁగా నెఱిఁగి వ్రాసెను. నాణకశబ్దము చౌర్యముతోఁ గూడి శకారుని నోట మొదటియంకముననే వినఁబడును. శర్విలకుఁడు గోడకుఁ గన్నము వేసి వసంతసేన దాఁచిన నగలను దొంగిలించుటయు, ధూతాదేవి తన రత్నావళిని బదు లిచ్చుటయు నెల్లర కెఱుకయే. విమర్శకులు ధూతాదేవియౌదార్యమును బొగడినంతగా తొమ్మిదవయంకమునందలి యధికరణమును బరిశీలింపలేదు. మైత్రేయుని చంకనుండి నగలు జాఱిపడును. వసంతసేనతల్లి వానిని జూచి, ఇవి యట్టివే కాని యవియే కావనును; శిల్పులు చూచినదానిని జూచినట్లే చేయఁగలరని యధికరణికుఁ డొప్పుకొనును. సాదృశ్యము వేఱు, తాదాత్మ్యము వేఱు. తల్లి చారుదత్తునిపై దయచే నట్లు పలికినదో, నిజముగనే పోల్పలేకపోయినదో కవి తేల్చిచెప్పలేదు. ఆ యస్పష్టతలోనే యధికరణమున కాధారమైన సాక్ష్యమెంత దుర్బలమో చూపెను. శిల్పి యొక్కఁడు మలచిన నగయే యట్లు సందేహాస్పదమగునపుడు, అచ్చుతోఁ గొట్టిన పణమును 'ఇది మా తాతది' యని యెవఁడు చెప్పఁగలఁడు? కూటనాణకముల భయ మొకటి వేఱ కలదు. దొంగచేతినుండి వచ్చిన పెట్టెలో సగము పోఁతపోసిన నకిలీలు కావచ్చును. కూటమును అకూటమనియు, అకూటమును గూటమనియుఁ జెప్పిన నాణకపరీక్షకునకు స్మృతి యుత్తమసాహసదండమును విధించినది.

రూపముచేఁ దేలనిది సంఖ్యచేఁ దేలవలెను. ఒక్కొక్క నాణెము సామాన్యమే యైనను, తాత కూర్చిన కూర్పు సామాన్యము కాదు. ఫలానిరాయని వరహా లిన్ని, పణము లిన్ని, అంచు తెగిన దొకటి, కుండలమునకై చిల్లు పొడిచిన దొకటి యని యింట నొక పట్టిక యున్నచో ఆ సముదాయమే లింగ మగును. కాఁబట్టి యట్టి పేటికకు అడుగునఁ బడియున్న చీటి బంగారముకంటె విలువగలది. దొంగ దానిని వదలిపోవును. వాని కది చిత్తుకాగితము.

దొంగ నాణెములను గరగించినచో? మహాభాష్యపస్పశాహ్నికమునఁ బతంజలి బంగారుముద్దను దృష్టాంతముగాఁ జెప్పెను. ముద్దను జెఱచి రుచకములు చేయుదురు, రుచకములను జెఱచి కటకములు చేయుదురు; ఆకృతి మాఱుచుండును, ద్రవ్యము నిలుచును. ద్రవ్యము నిత్యమనుట కిది తగిన దృష్టాంతమే. కాని ప్రాచీననాణెముల విషయమున నిది తలక్రిందగును. గండభేరుండము కరఁగిన పిమ్మట ఆ 3.4 గ్రాముల బంగారము మరల వచ్చినను, వచ్చినది తాతసొత్తు కాదు. ఇచ్చట స్వత్వము ద్రవ్యమునుగాక యాకృతి నాశ్రయించియున్నది. భట్టోజి చెప్పిన నాల్గవహరణము, నాశనము, ఇదియే. ఉపసర్గ లెన్ని చేర్చినను దాని కుద్ధరణము లేదు.

ఈ సందర్భమున లేపాక్షికథ స్మరణకు వచ్చును. హిందూపురమునకు సమీపమున నున్న వీరభద్రాలయమును అచ్యుతరాయల కాలమున విరూపణ్ణ కట్టించెను. పెనుకొండభాండారమును రాజాజ్ఞ లేక యాతఁడు వ్యయపఱచెననియు, శిక్షకు ముందే తన కన్నులను దానే పెఱికి గోడకుఁ గొట్టెననియు, అందుచే 'లోపాక్షి' లేపాక్షి యయ్యెననియు జనశ్రుతి. లోప, అక్షి యనువానికి సవర్ణదీర్ఘము రావచ్చును. ఓకారము ఏకారమగుట కే సూత్రమును లేదు. వ్యుత్పత్తి దుష్టమైనను కథ యాలోచింపఁదగినది. రాజునకు వరహాలు పోయినవి, సీమకు స్తంభములు మిగిలినవి. ద్రవ్య మాకృతిని మార్చికొని కన్నులయెదుటనే యున్నను రాజు దానిని బోల్పలేదు. లేదా పోల్చియు నొప్పలేదు.

కరఁగనివి కొనువానిచేతఁ జిక్కును. ధర్మవరమునఁ బోయిన పెట్టెలోని వరహా హిందూపురపు సంతలో బెల్లపుబేరముల నడుమ నగుపడినదనుకొన్నచో, స్వామి తన సొమ్మును బొందును. రహస్యముగా, హీనునివద్ద, తక్కువవెలకు, వేళగానివేళఁ గొన్నవాఁడు దొంగయే. అమ్మినవానినిఁ జూపఁగలిగినచో శుద్ధుఁ డగును. పోయిన సొమ్ము కనఁబడినపుడు తీసికొన్నవానినిఁ బట్టింపవలెననియు, దేశకాలములు మించిపోవునట్లున్నచోఁ దానే పట్టి యొప్పగింపవలెననియు స్మృతి చెప్పుచున్నది. రైలెక్కి బెంగుళూరు చేరఁబోవు సంచి విషయమున దీనికంటె స్పష్టముగా నెవఁడును జెప్పలేఁడు.

ఏండ్లు గడచుటఁ గూర్చి యొకమాట. పరుఁ డనుభవించుచుండఁగాఁ జూచుచు, పలుకకయున్నవానికి భూమి 20 ఏండ్లకును, ధనము 10 ఏండ్లకును హానిపడునని స్మృతి. ఇచ్చట చూచుచు, పలుకక యను రెండింటను శతృప్రత్యయ మున్నది. చూడనివానికిఁ గాలము నడవదు. దొంగసొమ్ము చీఁకటింట నుండఁగా స్వామి చూచు టెట్లు? 1963వ సంవత్సరపు కాలపరిమితిచట్టము 68వ అంశమునందును, దొంగిలింపఁబడిన జంగమవస్తువును రాబట్టుకొనుటకు 3 ఏండ్ల గడువు, అది యెవరివద్ద నున్నదో స్వామి మొదట నెఱిఁగిన నాఁటినుండియే మొదలగునని యున్నది. శతృప్రత్యయమును జట్టమును ఒకేచోట నిలిచినవి.

ఎఱుకయే సర్వస్వమనుటకు హైదరాబాదు నిజాములవంశమునకుఁ జెందినదని ప్రసిద్ధికెక్కిన మొహరు సాక్షి. జహాంగీరు 1613లో ఆగ్రాయందుఁ గొట్టించిన వేయిమొహరుల నాణెమది. తూకము పండ్రెండు కిలోగ్రాములకుఁ గొంచెము తక్కువ. 1987 నవంబరులో జెనీవానగరమున వేలమునకు వచ్చినదని తెలిసి కేంద్రనేరపరిశోధకులు విచారణకుఁ బూనిరి, నాణెము చిక్కలేదు. 2022లో మరల వెదకులాట సాగినదని పత్రికలు వ్రాసినవి. అది చౌర్యకథ కాదు. అయినను రూపమునను సంఖ్యయందును సందేహమునకుఁ దావులేని యంతటి నాణెమే యెవరిచేత నున్నదో తెలియకపోయినపుడు, పూజాపేటికలోని పణము మాట చెప్పనేల?

దొరకిన పిమ్మట దాయాదులప్రశ్న మరల వచ్చును. 1956వ సంవత్సరపు హిందూవారసత్వచట్టము వచ్చిన పిమ్మట స్మృతివచనము యథాతథముగాఁ జెల్లునని చెప్పరాదు. దాయాదులనఁగాఁ గుమారులే యను తలంపును జెల్లదు. హిందూపురమునుండి శాసనసభకు ఎన్నికైన నందమూరి తారకరామారావు ముఖ్యమంత్రిగా నున్నపుడు 1986లో ఆంధ్రప్రదేశమునను, 2005లో దేశమంతటను, ఉమ్మడియాస్తిలోఁ గుమార్తెలకు సమానమైన పాలు కలిగినది. నలుగురు పంచుకొన్నచో నలువదినాణెములు పదేసి యగును. పట్టికలోని సంఖ్య చెడును. ఏ సముదాయమును లింగముగాఁ జూపి మనుమఁడు సొమ్మును దెచ్చెనో ఆ సముదాయము ఇంటిలోనే విడిపోవును. ఇంకొకమాఱు దొంగ వచ్చినచోఁ జూపుట కేమియు నుండదు. తెచ్చినవాని కంతయు నిచ్చిన యాజ్ఞవల్క్యుఁ డీ చిక్కును దలంచియే యిచ్చెనని చెప్పుట సాహసము. కాని యాతనివచనమునఁ గూర్పు కూర్పుగా నిలుచును, చట్టప్రకారము పంచినచో నిలువదు.